ఒక్క బిందువు

పత్తి చేను గట్టు మీద పదహారు లీటర్ల పంపు దించి, మూత తీసి పెట్టారు. పక్కన రెండు బిందెల నీళ్లు, కలపడానికి ఒక వేపపుల్ల, రైతు చేతిలో పురుగుమందు సీసా. సీసాకు అతికించిన చీటీ మీద చీమ కాళ్లంత అక్షరాలు. ఆయన దాన్ని వెలుతురుకేసి ఎత్తి, కళ్లు చికిలించి చూసి, చివరికి కొడుకు చేతికిచ్చాడు. హెక్టారుకు ఇన్ని మిల్లీలీటర్లు, ఇన్ని లీటర్ల నీటిలో అని కొడుకు చదివి వినిపించాడు.

"హెక్టారు సంగతి మనకెందుకురా, పంపుకు ఎంతో చెప్పు."

"షాపాయన ఒక మూత పోయమన్నాడు గదా నాయనా."

మూత నిండింది, పంపులో పడింది. ఆ మూతలో ఎంత పట్టిందో ఇద్దరికీ తెలియదు.

పత్తిలో రసం పీల్చే పురుగుల కోసం వాడే ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం మందునే తీసుకుందాం. దాని మోతాదు హెక్టారుకు 100 నుంచి 125 మిల్లీలీటర్లు, 500 నుంచి 700 లీటర్ల నీటిలో. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు కాబట్టి ఎకరాకు 40 నుంచి 50 మి.లీ. మందు, కనీసం 200 లీటర్ల నీళ్లు. 100 మి.లీ.ని 500 లీటర్లకు పంచితే లీటరుకు 0.2 మి.లీ. వస్తుంది. పదహారు లీటర్ల పంపుకు 3.2 మి.లీ. పై మోతాదు పట్టుకున్నా నాలుగు దాటదు. సీసా మూత పది మి.లీ. పట్టేదైతే రెండున్నర నుంచి మూడు రెట్ల మందు పంపులో పడ్డట్టే. మూతలన్నీ ఒక్క సైజులో ఉండవు. సీసాను మూయడానికి చేసిన వస్తువు అది, కొలవడానికి చేసింది కాదు.

ఇప్పుడు డ్రోన్లు వచ్చాయి. ఎకరాకు దాదాపు పది లీటర్ల నీటితోనే పిచికారి అయిపోతోంది. అక్కడ 'లీటరుకు ఇంత' అన్న లెక్క పనికిరాదు, 'ఎకరాకు ఇంత' అన్నదే నిలుస్తుంది. అదే 40 మి.లీ. ఇప్పుడు పది లీటర్లలో కలవాలి, అంటే ఇరవై రెట్లు చిక్కగా. పాత అలవాటు కొద్దీ లీటరుకు 0.2 చొప్పున రెండు మి.లీ. పోస్తే పురుగు చావదు, కూలి దండగ. పంపుకు మూత పోసిన చేతికి ఈ తేడా చెప్పేవాళ్లు కావాలి.

ఆ కొడుకు బడిలో ఈ పాఠం చదువుకోలేదా అంటే, చదువుకున్నాడు. మన బడుల్లో లెక్కల పుస్తకం పట్టిన ప్రతి పిల్లవాడూ ఆ పట్టిక వల్లె వేసినవాడే. కిలోలీటరు, హెక్టాలీటరు, డెకాలీటరు, లీటరు, డెసీలీటరు, సెంటీలీటరు, మిల్లీలీటరు. ఒక్కో మెట్టు దిగితే పదితో గుణించాలి, ఎక్కితే పదితో భాగించాలి. మూడున్నర లీటర్లకు ఎన్ని మిల్లీలీటర్లని అడిగితే మూడు వేల ఐదు వందలని తడుముకోకుండా చెబుతారు. ఆ పిల్లలకే ఒక గ్లాసు, చెంబెడు నీళ్లు ఇచ్చి ముప్పై మిల్లీలీటర్లు వంచమంటే దిక్కులు చూస్తారు. లెక్క నోటికొచ్చింది, చేతికి రాలేదు. ఈ వ్యాసకర్త బాధంతా అదే.

తాతమ్మల సంగతి దీనికి తలకిందులు. పలక మీద లెక్క రాకపోయినా కొలత వాళ్ల చేతిలో ఉండేది. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అలా రెట్టిస్తూ పోతే కుంచానికి అరవై నాలుగు గిద్దలు. ఆపైన నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. గిద్దెడు నూనె, సోలెడు పాలు, మానెడు బియ్యం అన్నప్పుడు ఆ మాట వెనకాల ఒక పాత్ర ఉండేది. అది వంటింటి గూట్లోనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండేది.

గిద్ద నుంచి కుంచం దాకా ఉన్న కిటుకల్లా సగమే. ప్రతి కొలతా కిందిదానికి సరిగ్గా రెట్టింపు. సగం కంటికి ఆనుతుంది, పదో వంతు ఆనదు. గ్లాసులో సగానికి పాలు పోయమంటే ఎవరైనా పోస్తారు. పదో వంతుకు పోయమంటే చెయ్యి ఆగిపోతుంది. మెట్రిక్ పద్ధతి కాగితం మీద అంత సులువుగా ఉండి చేతిలో అంత కష్టం కావడానికి కారణం ఇదేనని ఈ వ్యాసకర్త నమ్మకం. పదులతో నడిచే కొలతకు గీతలున్న గిన్నె తప్పదు. మన ఇళ్లలోకి పద్ధతి వచ్చింది గానీ గిన్నె రాలేదు.

అలాగని పాత కొలతలే మళ్లీ రావాలని కాదు. ఊరికో సోల, సీమకో తూము ఉన్న రోజుల్లో కొనడానికి ఒక మానిక, అమ్మడానికి ఒక మానిక పెట్టుకున్న వ్యాపారుల కథలు పెద్దవాళ్ల నోట వింటూనే ఉన్నాం. దేశమంతటికీ ఒకే కొలత ఉండాలని 1956లో చట్టం చేశారు. 1958 అక్టోబరు 1 నుంచి మెట్రిక్ తూనికలు, కొలతలు అంచెలంచెలుగా అమల్లోకి వచ్చాయి. అంతకు ఏడాదిన్నర ముందే, 1957 ఏప్రిల్ 1న, పదహారు అణాల రూపాయి వంద నయాపైసల రూపాయి అయింది. డబ్బు లెక్క జనానికి తొందరగానే పట్టుబడింది. నయాపైసను వేళ్ల మధ్య పట్టుకోవచ్చు, ఎంచుకోవచ్చు, కొంగున ముడేసుకోవచ్చు. మిల్లీలీటరును అలా పట్టుకుని చూసినవాళ్లు ఎందరు?

లీటరు పుట్టింది ఫ్రాన్సులో, 1795 ఏప్రిల్ 7 నాటి చట్టంతో. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి సెంటీమీటర్లున్న పెట్టెలో పట్టేంత అని నిర్వచనం. 1901లో అంతర్జాతీయ తూనికలు, కొలతల మహాసభ దాన్ని కొంచెం మార్చి, కిలో స్వచ్ఛమైన నీరు ఆక్రమించే చోటును లీటరంది. తీరా జాగ్రత్తగా కొలిస్తే ఈ కొత్త లీటరు పాత పెట్టె కన్నా పది లక్షల్లో 28 వంతులు పెద్దదిగా తేలింది. అంటే 0.028 మిల్లీలీటరు, సుమారు సగం నీటిచుక్క. ఆ సగం చుక్క కోసం 1964లో మహాసభ మళ్లీ కూర్చుని లీటరును తిరిగి పెట్టెకే కట్టేసింది. 1979లో, ఇంగ్లిషు చిన్న 'ఎల్' అక్షరం ఒకటి అంకెలా కనబడి పొరపాట్లకు దారి తీస్తోందని, పెద్ద 'ఎల్' రాయడానికీ ఒప్పుకుంది. సగం చుక్కను, ఒక గీతను అంతగా పట్టించుకున్నారు ఆ కొలతను కాపాడినవాళ్లు.

తెలుగులో బిందువంటే నీటిబొట్టు. దశాంశ బిందువూ ఆ బిందువే. పసిపిల్లల మందు దగ్గరికి వచ్చేసరికి ఈ రెండూ నిజంగానే ఒకటవుతాయి.

జ్వరానికి వాడే పారాసిటమాల్‌నే చూడండి. సిరప్ సీసాలు కొన్నింటిలో 5 మి.లీ.కి 120 మిల్లీగ్రాముల మందు ఉంటుంది, కొన్నింటిలో 250. నెలల పిల్లల కోసం చేసిన డ్రాప్స్‌లో ఒక్క మి.లీ.లోనే 100 మిల్లీగ్రాములు. ఆరు కిలోల బిడ్డకు డాక్టరు 90 మిల్లీగ్రాములు ఇవ్వమన్నారనుకుంటే, డ్రాప్స్‌లో అది 0.9 మి.లీ., 120 సిరప్‌లో 3.75 మి.లీ., 250 సిరప్‌లో 1.8 మి.లీ. బిడ్డ ఒక్కటే, జ్వరం ఒక్కటే, మందు ఒక్కటే, కొలతలు మాత్రం మూడు. అర్ధరాత్రి ఒళ్లు కాలిపోతున్న బిడ్డను భుజాన వేసుకుని, "పోయినసారి చెంచాడు పోశాం గదమ్మా" అంటూ అమ్మమ్మ డ్రాప్స్ సీసాలోంచి చెంచాడు పోస్తే ఆ బిడ్డ కడుపులోకి 500 మిల్లీగ్రాములు పోతాయి. చెప్పినదానికి ఐదు రెట్లు దాటి. పారాసిటమాల్ ఎక్కువైతే దెబ్బతినేది కాలేయం. అమ్మమ్మ ప్రేమలో లోటేమీ లేదు, చెంచాలోనే ఉంది.

ఆ చెంచా కూడా ఎంత పట్టేదని? గ్రీసు దేశంలోని అటికా ప్రాంతంలో ఇళ్లలోని టీస్పూన్లు సేకరించి కొలిచిన పరిశోధకులు 2010లో ఫలితాలు ప్రచురించారు. అన్నిట్లోకీ చిన్నది 2.5 మి.లీ. పట్టింది, పెద్దది 7.3. ఒకటి రెండోదానికి దాదాపు మూడు రెట్లు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2015లో, పిల్లల ద్రవ మందులను మిల్లీలీటర్లలోనే రాయాలి, స్పూన్ల లెక్క మానేయాలి అని సూచించింది. మన వంటిళ్లలోని చెంచాలను కొలిచినా తేడాలు కనబడకపోవు.

ఇక్కడ ఒక చిన్న మాట. నర్సమ్మ 'రెండు సీసీలు' అన్నా, చీటీ మీద '2 మి.లీ.' అని ఉన్నా ఒకటే. సీసీ అంటే ఘనపు సెంటీమీటరు, అదే మిల్లీలీటరు. నూరు సీసీ బండి అని పిలుచుకున్న 1985 నాటి హీరో హోండా సీడీ 100 ఇంజనులో పిస్టన్ కదిలే చోటు 97.2 మి.లీ. దాదాపు ఒక టీ గ్లాసెడు. ఇద్దరు మనుషుల్ని, వెనకాల రెండు పాల క్యాన్లను ఊరి నుంచి పట్నం దాకా లాక్కెళ్లిన బలమంతా ఆ గ్లాసెడు చోటులో పుట్టిందే.

ఈ కొలతల లెక్క ప్రాణం పోయడం, తీయడం రెండూ కళ్లకు కట్టేది మాత్రం ఓఆర్ఎస్ పొట్లంలో. 1971. బంగ్లాదేశ్ యుద్ధంలో కట్టుబట్టలతో వచ్చిన శరణార్థులు పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బంగావ్‌లో కిక్కిరిసి ఉన్నారు. కలరా పాకింది. నరానికి ఎక్కించే సెలైన్ చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ నోటితో తాగించే ద్రావణం మీద భారం వేశారు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల తినే సోడా. సంచుల్లో కట్టి తెచ్చిన ఆ పొడిని డ్రమ్ముల నీటిలో కలిపితే, రోగుల పక్కన కూర్చున్న తల్లులు, అన్నలు, అక్కలు కప్పులతో పట్టి తాగించారు. నూటికి ముప్పై మంది చనిపోతున్న చోట మరణాలు నూటికి నాలుగు లోపుకు దిగాయి. ఆయన 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడాది దేశం పద్మవిభూషణ్ ఇచ్చుకుంది. ఉప్పు, చక్కెర, నీళ్లు అంతకుముందూ ఉన్నాయి. ప్రాణాలు నిలిపింది 'లీటరుకు ఇంత' అన్న పాళ్లు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఖరారు చేసిన పాళ్ల ప్రకారం ఈనాటి పొట్లంలో లీటరు నీటికి 20.5 గ్రాముల పొడి ఉంటుంది. 200 మి.లీ.కి సరిపోయే చిన్న పొట్లాలూ అమ్ముతారు. విరేచనాలతో వాలిపోయిన పిల్లవాణ్ణి ఒళ్లో పెట్టుకున్న తల్లికి ఈ తేడా ఎవరు చెప్పాలి? లీటరు పొట్లం చింపి గ్లాసు నీళ్లలో పోసి కలుపుతుంది. చిక్కగా ఉంటే బలమని ఆమె పాల విషయంలో నేర్చుకుంది. ఇక్కడ ఆ నేర్పు ఎదురు తిరుగుతుంది. గ్లాసు 200 మి.లీ.దైతే ద్రావణం ఐదు రెట్లు చిక్కనవుతుంది. అంత చిక్కని నీరు పేగుల్లోంచి ఒంట్లోకి పోకపోగా, ఒంట్లోని నీటినే పేగుల్లోకి లాగుతుంది. విరేచనాలు పెరుగుతాయి, నెత్తుట్లో ఉప్పు పెరుగుతుంది. రెండో వైపు, ఒక్క పొట్లమే ఉందని రెండు లీటర్లకు సాగదీస్తే అది పలచబడి పని చేయదు.

అయితే ఈ ఒక్క కొలతకు మాత్రం పాత్ర ఇంట్లోనే ఉంది. ప్రయాణాల్లో కొనుక్కుని పారేసే లీటరు నీళ్ల సీసా. దాన్ని శుభ్రంగా కడిగి తాగే నీళ్లు నింపితే దాదాపు లీటరు. పొట్లమంతా అందులోనే కలపాలి, గ్లాసులోకి వంచుకుంటూ తాగించాలి, ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోయాలి.

పట్టికలోని ఏడు మెట్లలో లీటరు, మిల్లీలీటరు తప్ప తక్కినవి పరీక్షల కోసమే అనుకుంటాం. మన ఇళ్లలో రోజూ తలుచుకునేది డెసీలీటరునే. "షుగర్ నూట నలభై ఉంది వదినా" అన్నప్పుడు ఆ నూట నలభై, ఒక డెసీలీటరు రక్తంలో ఉన్న గ్లూకోజు మిల్లీగ్రాములు. డెసీలీటరంటే 100 మి.లీ. పెద్దవాళ్ల ఒంట్లో రక్తం సుమారు ఐదు లీటర్లు, అంటే యాభై డెసీలీటర్లు. షుగర్ 100 ఉన్న మనిషి రక్తమంతటిలో ఉన్న గ్లూకోజు ఐదు వేల మిల్లీగ్రాములు. ఐదు గ్రాములు. టీలో వేసుకునే ఒక చెంచా చక్కెరంత. ఈ లెక్క ఒకసారి వేసి చూపిస్తే, కాఫీలో రెండు చెంచాలు ఎందుకు వద్దన్నారో ఏ పెద్దాయనకైనా ఇట్టే తెలుస్తుంది. కొడుకు దగ్గరికి లండన్ వెళ్లిన తల్లిదండ్రులు అక్కడి రిపోర్టులో 5.6 అని చూసి కంగారు పడతారు. అక్కడ లీటరుకు మిల్లీమోల్‌లలో రాస్తారు. 18తో గుణిస్తే మన నూరే.

డెంగీ రోజుల్లో ఇంటింటా వినబడే ప్లేట్‌లెట్ల లెక్క ఇంకా కింది మెట్టుది. లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాలంటారే, అది ఒక మైక్రోలీటరు రక్తంలో. మిల్లీలీటరులో వెయ్యో వంతు. వేలి కొసన గుచ్చితే వచ్చే బొట్టు 0.05 మి.లీ. అనుకుంటే అందులో యాభై మైక్రోలీటర్లు. లక్షన్నర చొప్పున ఆ ఒక్క బొట్టులోనే డెబ్బై ఐదు లక్షల ప్లేట్‌లెట్లు.

పై మెట్టు సంగతి నీళ్ల బిల్లు చెబుతుంది. హైదరాబాదులో 2021లో మొదలైన పథకం కింద నల్లా ఉన్న ఇంటికి నెలకు ఉచితంగా ఇచ్చేది 20 కిలోలీటర్లు, అంటే ఇరవై వేల లీటర్లు. దానికీ పైన, పేపర్లో రోజూ కనబడే టీఎంసీ ఉంది. దేశం మెట్రిక్‌లోకి మారినా మన నదుల లెక్క ఇంకా అడుగుల్లోనే మిగిలిపోయింది. ఒక టీఎంసీని, అంటే శతకోటి ఘనపుటడుగుల నీటిని, లీటర్లలోకి మారిస్తే 2,831 కోట్ల పైచిలుకు. కిలోలీటర్లలో రెండు కోట్ల ఎనభై మూడు లక్షలు. ఇంటికి ఇరవై చొప్పున పంచితే పద్నాలుగు లక్షల ఇళ్లకు నెల రోజుల నీళ్లు. నాగార్జునసాగర్ నిండితే పట్టేది 312 టీఎంసీలు. సముద్రంలో కలిసిన ప్రతి టీఎంసీనీ పత్రికలు ఇలా ఇళ్లలోకి మార్చి రాస్తే, నీళ్ల తగాదాలను ఊళ్లో జనం ఇంకా బాగా అర్థం చేసుకుంటారు.

అంకెను పాత్రతో సరిచూసుకునే హక్కు చట్టం మనకు ఒక చోట చేతికే ఇచ్చింది. పెట్రోలు బంకులో ఐదు లీటర్ల ముద్ర వేసిన కొలపాత్ర ఉంచాలి. అనుమానం వచ్చి అడిగితే అందులో పట్టి చూపించాలి. ఐదు లీటర్లకు 25 మి.లీ. వరకే తేడా ఉండవచ్చు. పెట్రోలుకు ఉన్న ఈ పాటి భద్రత బిడ్డ మందుకు, చేను మందుకు ఉండాలంటే ఆ పాత్రను ఇంట్లో మనమే పెట్టుకోవాలి.

అందుకే ఒక విన్నపం. సిరప్ సీసా మూత మీద బోర్లించి వచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పును సీసాతో పాటు పారేయకండి. కడిగి ఆరబెట్టి దాచండి. మందు పోశాక కప్పును సమంగా ఉన్న చోట పెట్టి, కళ్లు గీతకు ఎదురుగా ఉండేలా వంగి చూడండి. డ్రాప్స్‌తో వచ్చిన డ్రాపర్‌ను వేరే సీసాకు వాడకండి. సేద్యం చేసేవాళ్లు మందుల షాపులో సూది లేని 5 మి.లీ. సిరంజి ఒకటి కొని, 'పురుగుమందుకు' అని దాని మీద రాసి, పంపుతో పాటే ఉంచండి. ఇంట్లోకి మాత్రం తేవద్దు. దాని మీద గీతలు 0.2 చొప్పున ఉంటాయి. మూడు దాటాక వచ్చే మొదటి గీతే 3.2 మిల్లీలీటర్లు.